మూడో పట్టా

గుంతకల్లు క్యారేజి షెడ్డులో
ముప్పై నాలుగేండ్లు సుత్తి పట్టుకొని నడిచినోణ్ణి.
రైలు ఆగిన పది నిమిషాల్లో
పెట్టె పెట్టెకీ వంగి, స్ప్రింగు మీద ఒక దెబ్బ.
ఖణేల్ అంటే పో అని.
టొక్ అంటే ఆపు అని.
నాకొచ్చిన చదువంతా ఆ రెండు మాటలే.

ఇప్పుడు ఇంటి ముందర నా ఎనభై నాలుగు పద్మిని
ఎడమ తట్టు వాలి నిలబడింది,
ఒక చెవి సరిగా వినపడని మనిషి
మాట కోసం తల వంచినట్టు.

కుళ్లాయప్ప జాకీ లేపి కిందికి దూరినాడు.
కాళ్లు మాత్రమే బయట. మాట లోపల్నుంచి:
"బుష్షులు బూడిదయినాయి సార్.
షాకుల్లో నూనె లేదు, ఒట్టి గాలి.
కమాన్ కట్టలు ఒంగిపోయినాయి.
అంతా మారిస్తే పోతాది.
లేదంటే బండినే మారిస్తే పోతాది."
ఆ చివరి మాట నేను వినలేదు.

అనంతపురంలో టవర్ క్లాక్ కాడ అంగడి.
పిల్లోడు గల్లా మీద ఎర్రటి బుష్షులు పెట్టినాడు,
జాతరలో చక్కెర అచ్చుల మాదిరి.
"రబ్బరు కాదు సార్, జన్మలో అరగవు."
బొటనవేలితో ఒత్తి చూసినా. లొంగలేదు.
అరగదు, సరే.
అది మింగని దెబ్బ ఎవరు మింగాల?
పక్కన కూచునే మా యింటామె నడుమా?
నల్ల రబ్బరువే ఇయ్యప్పా అన్నా.
అయిదేండ్లకు చచ్చినా మెత్తగా చస్తాయి.

షాకులు మాత్రం గ్యాసువి తీసుకున్నా.
అదీ ఊరికే కాదు,
మూసినప్పుడెంత, సాగినప్పుడెంత
టేపు పట్టి కొలిచినంక.
మూసినా పొడుగ్గానే ఉండేది
గుంత గుంతకీ బాడీని పొడుస్తాది.
పొట్టిగా మూసుకొని, నిదానంగా తెరుచుకునేది కావాల.
పిల్లోడు నవ్వినాడు:
"పెండ్లి సంబంధం చూస్తాండారా సార్?"

ముందరి స్ప్రింగులు బెంగుళూరు నుంచి
ట్రావెల్స్ బస్సులో దిగినాయి, పసుపు రంగు పూసుకొని.
అంగుళం పొట్టి, ఒక నూలు మందం ఎక్కువ.
"రేసు బండి మాదిరి కూచుంటాది" అని కుళ్లాయప్ప సంబరం.
ఉరవకొండ దోవ చూసినావా నువ్వు,
ఆ గుంతల్లో బర్రెలు పడుకుంటాయి అని గదమాయించి
వెనక్కి పంపించినా, పాత ఎత్తువే తెప్పించినా.
ఆ పొట్టివి రాసి పంపింది నేనేనని
వానికి చెప్పలా.

కమాన్ కట్టలు మిగిలినాయి.
కొత్తవి దొరకవు. దొరికేవి వేరే బండివి.
విప్పి, అయిదు పట్టాలూ తాడిపత్రి బండ మీద పరిచినాం,
పొడుగు నుంచి పొట్టి దాకా,
ఫోటోకి నిలబడిన అన్నదమ్ముల మాదిరి.
అటక మీది సుత్తి దింపినా.
రిటైరైన నాడు షెడ్డులో అడుక్కొని తెచ్చుకున్నది.

ఒకటి. ఖణేల్.
రెండు. ఖణేల్.
మూడు. టొక్.
నాలుగు, అయిదు బాగానే పలికినాయంట,
కుళ్లాయప్ప చెప్పినాడు.

మళ్లీ కొట్టినా. టొక్.
కిరసనాయిలు పోసి తుడిస్తే
నడిమిట్లో వెంట్రుక మాదిరి గీత.
ఎన్నేండ్ల నుంచో.
వేల పెట్టెల పగుళ్లు పట్టిన చెవి ఇది.
రోజూ ఎక్కి తిరిగిన బండిలో
నా వీపు వెనకే ఉన్నదాన్ని వినలేదు.
పైనా కిందా పట్టాలు దాని బరువు పంచుకొని
గుట్టు కాపాడినాయి.

కమ్మరి పోతులయ్య కొలిమిలో
నాలుగింటికి మళ్లీ వంపు పెట్టినాడు,
నూనెలో ముంచితే బుస్సుమన్నాయి.
మూడోదాన్ని లారీ ఉక్కుతో కొత్తగా కోసినాడు.
"పాతదాన్ని ఏం చేద్దాం సార్?"
చెప్పుకుంటే సిగ్గు,
చేతిలో పట్టుకొని చానాసేపు నిలబడినా.

బిగించిన సాయంత్రం
వెనక మడ్‌గార్డు మీద చేతులాన్చి ఒత్తి వదిలినా.
ఒకసారి లేచింది. నిలబడింది. అంతే.
రైల్వే గేటు కాడ పట్టాలు దాటేటప్పుడు
దడదడ ఉంది గానీ దూరంగా,
పక్కింట్లో ఎవరో రోకటిపోటు వేస్తున్నట్టు.
మా యింటామె నిద్రపోయింది.
ఇంతకన్నా సర్టిఫికెట్టు ఏ షెడ్డూ ఇయ్యదు.

ఎడమ తట్టు ఇంకా ఒక నూలు కిందికే ఉంది.
ఉండనీ.

శెనక్కాయ చేన్లో కలుపు తీసే వన్నూరమ్మ కాడ
ఇప్పుడు రెండు కొత్త తొలికలు,
పగులుకు అటు ముక్క ఒకటి, ఇటు ముక్క ఒకటి.
రాయి తగిలినప్పుడల్లా
ఖణేల్ అంటాయంట.