'బై' తర్వాత

గ్రిమ్స్‌బీ రేవులో, చేపల ఫ్యాక్టరీ మేడ మీద
క్యాంటీన్ బల్లలు మంగళవారం రాత్రి బడి బల్లలవుతాయి.
కింద ఐసు మిషను గొణుగుతూనే ఉంటుంది.
ఎంత సబ్బు రుద్దినా చేతుల్ని వదలని చేప వాసన
నోటుపుస్తకాల్లోకి కూడా వచ్చి కూర్చుంటుంది.

హెదర్ బ్లాన్‌చర్డ్ బోర్డు మీద రెండు వాక్యాలు రాసింది.
ఆమె చేపను కోసింది.
చేప ఆమెచేత కోయబడింది.
"చూశారా, చేప ముందుకొచ్చింది, మనిషి వెనక్కి పోయింది.
'బై' అనే చిన్న మాట పట్టుకుని వేలాడుతోంది.
కావాలంటే ఆ తోకనూ కత్తిరించొచ్చు.
వాక్యం చచ్చిపోదు."

వైదోతస్ నవ్వాడు. లిథువేనియా నుంచి వచ్చి పదకొండేళ్ళు,
తోకలు కత్తిరించడమే అతని పని.

షిలాన్ రాసింది: జీతం ఇవ్వబడలేదు.
తప్పుల్లేవు. రైట్ మార్కు.

తెలుగులో రాస్తున్నాను గనక చెబుతున్నా,
మాకు ఈ 'బడు' నాలుక మీద నిలవదు.
ఆఫీసు గోడల మీదా కోర్టు కాగితాల మీదా తప్ప.
ఇంట్లో అన్నం ఎవరిచేతా తినబడదు.
ఇంకోటి,
పని ఎవరి మీద పడుతుందో ఆ మాటని
మా వ్యాకరణం కర్మ అంటుంది.
తలరాతకీ అదే మాట.

లెతెబ్రహాన్ ఎడమచేత్తో రాస్తోంది. కుడిచేతికి కట్టు.
చూపుడువేలు ఒక కణుపు తక్కువ.
సంచిలోంచి మడతలు పడ్డ కాగితం తీసింది, కంపెనీ రిపోర్టు.
"ఇందులో పాసివ్‌లు లెక్కపెట్టాను మిస్.
తొమ్మిది."

యంత్రపు మూత తొలగించబడి ఉండెను.
హెచ్చరిక చేయబడి ఉండెను.
వేలు కోల్పోబడెను.

హెదర్ కళ్ళజోడు తీసి, తుడవడం మర్చిపోయి, పట్టుకునే నిలబడింది.
ఆమెకి ఏడేళ్ళప్పుడు, తండ్రి ఎక్కిన పడవ గురించి
ఓనర్ల దగ్గర్నుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది:
మునిగినట్లు భావించబడుతున్నది.
ఎవరు భావించారు? అమ్మ అడగలేదు.
సముద్రం ముంచింది అని రాస్తే
సముద్రం కేసు పెట్టదు కదా, అయినా రాయలేదు.
రాస్తే పక్క వాక్యం కూడా రాయాల్సి వచ్చేదేమో,
ఆ చలికాలం పడవని రిపేరుకి పంపనిది ఎవరో.

ఇదేమీ ఆమె క్లాసుకి చెప్పలేదు.
మార్కర్ మూత తీసి లెతెబ్రహాన్‌కి అందించింది.

అక్షరాలు మెట్లు దిగుతున్నట్టు వంకరగా వచ్చాయి.
కాలిన్ స్ట్రౌడ్ మూత తీశాడు.
కాలిన్ స్ట్రౌడ్ త్వరగా కానిమ్మన్నాడు.
మూడోది మొదలుపెట్టి ఆగిపోయింది.
"వేలు మిషను కోసిందా మిస్? నేనే కోసుకున్నానా?"

ఎవరూ మాట్లాడలేదు. ఐసు మిషను మాట్లాడింది.
"నాకూ తెలీదు," అంది హెదర్.
"ఖాళీ వదిలెయ్యి. వచ్చేవారం చూద్దాం."

ఎనిమిదిన్నరకి కుర్చీలు బల్లలెక్కాయి.
నష్టపరిహారం ఫారం మీద, పుట్టిన వివరాల గడి దగ్గర
లెతెబ్రహాన్ పెన్ను మళ్ళీ ఆగింది.
"ఐ వజ్ బార్న్. ఇదీ పాసివేనా?"
"అవును."
"ఎందుకు? ఎవరు చేశారో తెలీదా?"
"ఇంగ్లీషుకి తెలీదేమో," అంది హెదర్, కోటు బొత్తాలు పెట్టుకుంటూ.

గడి చిన్నది. అంచు దాటి, పక్కనున్న
'ఆఫీసు ఉపయోగానికి మాత్రమే' లోకి కూడా వెళ్ళి రాసింది:
అబ్రెహెత్ నన్ను కన్నది,
కెరెన్‌లో, వాన పట్టిన రెండో రాత్రి.