మూడో తలుపు ముందు

గుంటూరు కొత్తపేటలో, ఆసుపత్రుల సందులో,
మెట్లెక్కితే మా ల్యాబు.
పగలంతా ఊరి నోళ్లకు పళ్లు కడతాను.
రాత్రి తొమ్మిది దాటాక
ట్రేలు కడిగి, బల్ల తుడిచి,
అదే పసుప్పచ్చ పొడిని
(మేం దాన్ని స్టోన్ అనే అంటాం)
రబ్బరు గిన్నెలో నీళ్లు పోసి కలిపి
గూడ్సు షెడ్డు ముందు రాళ్లు పరుస్తాను.

నాలుగడుగుల ప్లైవుడ్డు.
ఎనభై ఏడో వంతు లోకం.
జానెడు రాయి ఇక్కడ
బియ్యపుగింజలో సగం.
పట్టాలు వేయడానికి వారం పట్టింది.
పట్టాల పక్క నేలకి ఆర్నెల్లు, ఇంకా అవలేదు.

మొదట గొడుగు ఊచ కొస నలగ్గొట్టి
చదరపు ముద్ర చేసుకున్నాను.
టక్ టక్ టక్, గంటకి మూడొందల రాళ్లు.
పొద్దున చూస్తే అది యార్డు కాదు,
స్నానాలగది టైల్సు.
గీకి పారేశాను.
పని నేర్పేటప్పుడు షరీఫ్ గారు అనేవారు:
"మరీ సమంగా పేర్చకమ్మా,
కట్టుడువని పక్కింటోళ్లు చెప్పేస్తారు.
ఒకటి కాస్త లోపలికి నొక్కు,
ఒకటి కాస్త తిప్పు.
చేసేటప్పుడు దేవుడికీ చెయ్యి వణికింది."

అప్పట్నుంచి మైనం చెక్కే కత్తితో
ఏ రాయికారాయే.
ముందు గీస్తే గీత పూడుకుపోతుంది,
ఆలస్యమైతే పెచ్చులూడుతుంది,
మధ్యలో ఉన్న ఆ పది నిమిషాలే నావి.
యార్డు నడుమ కాస్త ఉబ్బు, కాలవ వైపు వాలు,
వాన పడదని తెలిసీ.
టీ డికాషను ఒక పూత, బొగ్గుపొడి ఇంకో పూత.
మిర్చి దిగిన యార్డు కదా అని
రాళ్ల సందుల్లో నిజం కారమే చల్లితే
తుమ్మొచ్చి
కాలవ పక్క గడ్డంతా లేచిపోయింది.
ఎద్దుబళ్ల చక్రాల జాడలు రెండు
గేటు నుంచి షెడ్డు దాకా
గోటితో లాగాను.
ఆ రాత్రి నాకు నేనే కాఫీ కలుపుకుని తాగాను.

శుక్రవారం ఏసోబు గారు వచ్చారు.
పళ్ల రంగు సరిచూడమని కింద క్లినిక్కు వాళ్లు పంపారు.
అదే షెడ్డులో ముప్పయ్యేళ్లు
మూటలు మోసిన మెడ,
ఇప్పటికీ ఒక పక్కకే ఒరిగి ఉంది.
కుర్చీలో కూర్చోలేదు. బల్ల దగ్గర వంగారు.
చాలాసేపు.

"కాటా ఏదమ్మాయ్?"
చూపించాను.
"మూడో తలుపు?"
చూపించాను.
ఆ రెంటి మధ్యా గాల్లోనే వేలు నడిపి
"బళ్ల జాడ పెట్టావు, బాగుంది.
మరి మా జాడేదీ?" అన్నారు.

"ఇక్కడి రాళ్లు పళ్లెంలాగా తళతళలాడేవి.
మా కాళ్లకి చెప్పులెక్కడియ్యి?
వానొస్తే వాటి మీదే జారేవాళ్లం.
నాగులు అక్కడే పడ్డాడు, మూటతో."
ఆపైన ఏమీ చెప్పలేదు.
లేని పళ్లతో కాసేపు దేన్నో నమిలి
నోరు తెరిచారు, రంగు చూసుకోమని.
వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి
"పైన ముందు పన్నొకటి వంకర పెట్టు.
మా మరియమ్మ పోల్చుకోవాలిగా" అన్నారు.

ఆ రాత్రి
పళ్లకి మెరుగు పెట్టే గుడ్డచక్రం తీశాను.
అడుగు వెడల్పు దారి,
నా కొలతలో మూడున్నర మిల్లీమీటర్లు.
రోజుకి వంద మూటలనుకుంటే
ముప్పయ్యేళ్లకి,
ఎన్ని పాదాలకి,
ఎనభై ఏడో వంతు అరుగుదల ఎంత?
లెక్క తేలలేదు.
చక్రం ఆపి
చూపుడువేలితోనే రుద్దుకుంటూ కూర్చున్నాను,
కాటా నుంచి తలుపుకి, తలుపు నుంచి కాటాకి,
వేలిముద్ర మండేదాకా.

సెట్టు మొన్న వెళ్లిపోయింది, వంకర పన్నుతో సహా.
యార్డు మాత్రం బల్ల మీదే ఉంది.
గడ్డి ఎగురుతుందని ఫ్యాను వేయను,
చెమటలోనే పని.
నాగులు పడింది ఏ రాయి మీదో
నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.
తలుపుకి రెండు వరసల ఇవతల
ఒకచోట డికాషను మరక ఎక్కువైంది.
తుడుద్దామని గుడ్డ తడిపి,
ఎందుకో పిండి ఆరేశాను.