టేర్

కొండమల్లేపల్లి దాటినంక
జిన్నింగు మిల్లు గేటు పక్కన
ధర్మకాంట రూముల నా కుర్చీ.
చీటీ మీద మూడు మాటలు పడ్తయి:
గ్రాస్, టేర్, నెట్.
మొదటిదీ చివరిదీ ఎవరినీ అడగకుండనే తెలిసినయి.
నడిమిదే
బువ్వల రాయి లెక్క పంటికి తగిలేది.

"ఖాళీ బండి తూకం పిల్లా" అన్నడు సేటు
పాన్ దవడ మార్చుకుంట.

అంతే కాదంట.
సంసోను సారు ఇంట్ల అట్ట ఊడిన డిక్షనరీ.
చెదలు తిన్న పేజీ మీద వేలు పెట్టి
"గురుగు" అన్నడు సారు.
గోధుమ చేన్ల రాత్రిపూట శత్రువు చల్లిపోయిన విత్తనం,
కోతల దాంక ఆగి, కట్టలు కట్టి
కాల్చెయ్యాల్సింది.

నాకు నవ్వొచ్చింది సారూ.
దాన్ని మేం తిన్నం.
పటేలు పత్తి చేన్ల కలుపు తీసినందుకు కూలి,
తీసిన కలుపేమో కొంగుల మూట,
మా అమ్మకు రెండూ సంపాదనే.
పప్పు లేని పూట ఉల్లిగడ్డ, ఎండుమిర్చి, ఇంత ఉప్పు.
ఆ శత్రువెవరో గని
మా వానకాలాలన్నీ ఆయనే సాకిండు.

తెలుగుల రాస్తే ఇంకో తిరకాసు,
చినుగుడును కూడ అట్లనే రాయాలె.
ట తీసి త పెడితే తేర.
తేరగ వచ్చిందేదీ ఇప్పటిదాంక
ఈ కాంట ఎక్కలె.
ఇంకొంచెం సాగదీస్తే, నాయన పోయిన నాడు
అమ్మ నా వీపు మీద చెయ్యేసి అన్న మాట:
తేరుకో.

మొన్న మూడావత్ హర్య పత్తి దించి
సేటు డీసీఎం ఖాళీగ కాంటెక్కింది.
నిండుగున్నప్పుడు లేని క్లీనరు
ఇప్పుడు సీటు మీద పండుకున్నడు,
కాళ్ల కాడ రెండు ఇసుక సంచులు.
ఖాళీ ఎంత బరువైతే
హర్య అంత తేలిక.
ఆయనకు అంకెలు రావు,
అద్దంలకెళ్లి నా మొఖమే చదువుతుండు.

"జాంగీరన్నా, నీ టేర్ల మనిషున్నడు. దింపు."

సేటు ఏమనలె.
ఈ నెల జీతంల అది
ఏ గడిల పడ్తదో సూడాలె.

మధ్యాహ్నం అమ్మ సద్ది తెచ్చింది,
నెత్తి మీద మడి గట్టున కోసిన గురుగాకు మూట.
"నన్ను గూడ జోకు" అని
లారీలు నిలబడే ఇనుప రేకు మీద
చెప్పులిడిచి నిలబడ్డది.

నలభై.

మూట దించమన్న.
మళ్ల నలభై.
మా కాంటకు పది కిలోల లోపల
ఏదీ కనబడదు.

"చీటీ కొట్టియ్యి, దాసుకుంట."
కొట్టిచ్చిన.
గ్రాస్ నలభై, టేర్ నలభై,
నెట్ సున్న.
మడిచి బొడ్ల దోపుకొని
మూట ఎత్తుకొని పోయింది.

ఆ సున్నను
రాత్రి నలుగురం తిన్నం.