చేతులు వెనక్కి

యశవంతపురలో, పైపుల కొట్టు మీది అంతస్తు.
శనివారం. ఏడుగురు కొత్త పంతుళ్లు.
ఒక్కొక్కరికీ కోడ్ రాయడం నాకన్నా బాగా వచ్చు.
అదే ఇబ్బంది.

"అర్థమైందా" అని అడక్కండి, అన్నాను ముందుగా.
కన్నడంలో అడిగినా, తెలుగులో అడిగినా
అర్థం కానివాళ్లే ముందు తలూపుతారు.
బల్లకొక స్టీలు గ్లాసు, కింద దర్శినిలో అడిగి తెచ్చినవి.
పని సాగుతుంటే నిలబెట్టు, చిక్కుకుంటే బోర్లించు.
నాకు రాలేదని నోరు తెరవడం కన్నా
గ్లాసు తిప్పడం తేలిక.

రెండోదానికే నాకు రోజంతా పడుతుంది:
ఎదుటివాళ్ల మౌసు ముట్టుకోవద్దు.

"రెండు సెకన్ల పని కదా మేడమ్" అంటాడు ప్రద్యుమ్న.
రెండు సెకన్లే.
పీణ్యలో నా మొదటి క్లాసు,
గార్మెంటు ఫ్యాక్టరీలో జీతాల లెక్క చూసే హొన్నమ్మ
ఒక బ్రాకెట్ కోసం తెరంతా వెతుకుతోంది.
వంగి, మౌసు లాక్కుని, సరిచేసి,
"చూశారా" అన్నాను.
చూసింది.
చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది.
భోజనాల తరవాత ఆ కుర్చీలో
మూత పెట్టని పెన్ను ఒకటే ఉంది.

ఇదంతా వీళ్లకి చెప్పలేదు.
చేతులు వెనక్కి కట్టుకోండి అన్నాను, అంతే.

మధ్యాహ్నం శార్వాణి వంతు,
మిగతావాళ్లే విద్యార్థులు.
నాలుగో లైను దగ్గర తెర ఎర్రబడింది.
కావాలని చేసిన తప్పు కాదు, ఆమె మెడ చూస్తే తెలుస్తోంది.
కింద ఎవరో పైపు కోస్తున్నారు.
నేను నేర్పిన వాక్యం ఆమెకి గుర్తు రాలేదు,
మదనపల్లె వచ్చింది నోటికి:
"అయ్యో, నాకూ తెల్దే! రాండి, అందరూ సూద్దాం."
"పైన కోలన్ లేదు" అన్నారెవరో వెనక నుంచి.
కుర్చీలు ముందుకి జరిగాయి.

మూలన ఒక గ్లాసు బోర్లా ఉంది.
పక్కన ప్రద్యుమ్న.
వెనక్కి కట్టుకున్న చేతుల్లో
చూపుడువేలు ఒక్కటే
గాలిలో క్లిక్ చేస్తోంది,
మళ్లీ, మళ్లీ.
"మీరు ఏం చేద్దామనుకున్నారు?" అని అడిగి
ఆగాడు.
చాలాసేపు ఆగాడు.

ఐదున్నరకి గ్లాసులు లెక్కపెట్టాను,
దర్శినికి తిరిగివ్వాలి. ఒకటి తక్కువ.
బల్లల కింద, కిటికీలో, ఎక్కడా లేదు.
నా బల్ల మీదే ఉంది,
బోర్లా.
ఎప్పుడు బోర్లించానో.