మొదటి దుంగ

కుహ్మోలో నవంబరు. మూడింటికే పొద్దు వాలింది.
కాలెర్వో వంటింటి బల్ల మీద
రొట్టెల బుట్ట బోర్లించాడు.
పద్నాలుగు రకాలు.
మందులు కావవి, మంద.

మందుల షాపు దాన్ని, లెక్కపెట్టడం నా పని.

రక్తపోటుకి తెల్లది.
దాంతో కాళ్ళు పొంగితే, నీరు లాగేందుకు ఇంకోటి.
ఆ నీరు రాత్రంతా లేపుతుంటే, ఆపేందుకు పచ్చది.
పచ్చది మొదలెట్టాక
పిల్లిని "ఐలీ" అని పిలుస్తున్నాడని
పక్కింటావిడ చెప్పింది.
ఐలి అతని భార్య. పోయి పదకొండేళ్ళు.
మతిమరుపుకి మరొకటి రాశారు.
నలుగురు డాక్టర్లు,
ఎవరి సంతకం వాళ్ళది, ముత్యాల్లా.

మొన్న సౌనా మెట్ల మీద పడ్డాడు.
కమిలిన మోచెయ్యి చూపించి
"దీనిక్కూడా ఉందా?" అన్నాడు.
నాకు నవ్వు రాలేదు.

వయసులో ఉన్నప్పుడు ఏట్లో దుంగలు తోలేవాడట.
"వంపు దగ్గర వెయ్యి ఇరుక్కుంటే
అన్నిట్నీ లాగకూడదు పిల్లా.
కొక్కెం కర్ర పట్టుకుని ఒడ్డున కూచుని చూడాలి,
ముందొచ్చి అడ్డం పడింది ఏదో."

బిస్కట్ డబ్బా అడుగున పాత చీటీ దొరికింది.
ఆ తెల్లదే.
ఒకటి కొట్టేసి రెండు చేశారు.
తారీఖు చూశాను:
ఐలిని మట్టి చేసిన వారం.
ఆ వారం ఎవరికి పెరగదు రక్తపోటు?
తర్వాత తగ్గించాలని
ఎవరికీ తోచలేదు.

డాక్టరుకి ఫోను చేశాను. ఇరవై నిమిషాలు ఆగమన్నారు.
ఈలోగా కాలెర్వో కాఫీ పోసి,
గిన్నెలో పాలు పెట్టి
పిల్లిని పిలిచాడు
ఆ పేరుతోనే,
నా వైపు చూసి, కొంచెం సిగ్గుపడుతూ.

దీన్ని నేను ఏ గడిలోనూ రాయలేదు.