బరువు ఎటువైపు?

టిబిలిసి మ్యూజియం, మూడో గది.
ఇరవై ఏళ్లుగా ఈ కుర్చీలోనే నానులి కాపలా.
చూపులేని బచానా వచ్చి అడిగాడు,
"ఏముంది ఇందులో?"

"పడవ."
"అది పేరు. గీత ఎటు పోతోంది?"
అతని అరచేతిలో వేలితో గీసింది:
వంగి, తడబడి
ఒడ్డు దాకా రాకుండానే తెగిపోయే గీత.

రంగంటే,
బీట్‌రూట్ ఉడికించి వంచేసిన నీళ్లు, చల్లారాక.
గరుకా?
ముట్టనివ్వను, రూలు.
ఎండిన రొట్టె పెచ్చు అనుకో.

"బరువు ఎటువైపు?"

నానులి లేచి నిలబడింది.
పడవా, మనుషులూ, మూటలూ, మేకా
అన్నీ ఎడమకే.
కుడివైపంతా ఉత్త బూడిదరంగు.
మరి బొమ్మ ఒరిగిపోదేం?

చాలాసేపటికి అంది:
"ఆ ఖాళీయే పట్టుకుంది, అబ్బాయ్.
ఇన్నాళ్లూ నేను
అటు గీయడం మర్చిపోయారనుకున్నా."