ఆల్ట్ ట్యాబ్

చిక్కడపల్లిలో మా డీటీపీ కొట్టుకి కిటికీ లేదు.
షట్టరొక్కటే.
కిటికీలన్నీ ఆ పదిహేడంగుళాల తెరలోనే
తెరుచుకోవాలి.

పొద్దున పదకొండుకే ఏడు తెరిచున్నాయి.
హిమజ పెళ్లి కార్డు,
వేరుశనగ తెగుళ్ల మీద ఎవరిదో పీహెచ్‌డీ, నాలుగో అధ్యాయం,
గాంధీనగర్‌లో ఒక పోర్షన్ అద్దె కాగితం,
చిట్టీ ఎగ్గొట్టినాయనకి లాయరు నోటీసు.
తక్కినవి గుర్తులేవు.
నా వీపు వెనక ప్లాస్టిక్ స్టూళ్ల మీద వాటి మనుషులు,
ఎవరికి వాళ్లు
తమదే ముందన్నట్టు.

బొటనవేలు ఒకదాని మీద నొక్కిపెట్టి
పై వేలితో పక్కదాన్ని తడుతుంటే
అందరి పనులూ అగ్గిపెట్టెలంతై వరసకడతాయి.
ఎక్కడ వేలెత్తితే వాళ్లు ముందుకొస్తారు.
ఇంత పెత్తనం
మా ఇంట్లో నాకెప్పుడూ లేదు.

పన్నెండప్పుడు ఒకాయన వచ్చాడు. మాసిన గడ్డం.
"మా అవ్వది. దశదిన కర్మ కార్డులు. నూరు చాలు."
పేరడిగితే
చెప్పలేక ఆధార్ జిరాక్సు ముందుకు జరిపాడు.
పోశవ్వ. ఫోటోలో కళ్లు చికిలించి ఉంది.

ఖాళీ ఉన్న స్టూలు
హిమజ మేనమామ పక్కనే.
ఆయనేమో పసుపు ఇంకా చిక్కగా కావాలని
తెర మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు.
గబుక్కున పెళ్లిని కిందికి దించాను.
సన్నాయి బొమ్మతో సహా జారిపోయి
అంచున చిన్న బిళ్లైంది.
నల్లటి చట్రం తెరిచాను.
మేనమామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తొందరలో వేళ్లు చేసిన పని:
అక్కడ కాపీ చేసింది ఇక్కడ పడింది.
పోశవ్వ ఫోటో కింద
"సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి
నూతన వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన."

నాకంటే ముందు ఆయనే చదివాడు.
నా చెవులు వేడెక్కాయి, వెనక్కి కొట్టే మీట దొరకలేదు.
ఆయన గొంతు సవరించుకుని
"వధూవరులు తియ్యమ్మా" అన్నాడు.
"సపరివారంగా రమ్మన్నది ఉండనీ.
ఇంట్ల జనముంటే మా అవ్వకు పానం లేచొస్తుండె."

రాత్రి తొమ్మిదిన్నరకి ఒక్కొక్కటే మూస్తుంటాను.
వేరుశనగ. అద్దె. పసుపు రెండు రకాలుగా.
అన్నిటికిందా నాదొకటుంది,
మూడు వారాలుగా
"గౌరవనీయులైన" దగ్గర ఆగిపోయి.
రోజూ దాని మీంచే దాటుతుంటాను,
వేలు ఎత్తకుండా.

"బంద్ చేస్తలేవా?" పక్క కొట్టు జబ్బార్ భాయ్
బయట సగం షట్టరు కిందనుంచి వంగి అడిగాడు.
ఇంకొక్కటుంది భాయ్,
అన్నాను.